తెల్లనివన్నీ ట్యూమర్ కాదు: ఓటీలో అల్ట్రాసౌండ్‌తో మెదడు గడ్డ అంచు పట్టుకోవడం ఎలా

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు న్యూరోసర్జరీ, రేడియాలజీ చేస్తున్న యువ డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్ (ఓటీ) టెక్నీషియన్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఆపరేషన్ మధ్యలో ఎంఆర్‌ఐ తీసే వసతి లేదు, న్యావిగేషన్ (ముందే తీసిన ఎంఆర్‌ఐ మీద పరికరం ఎక్కడుందో చూపే వ్యవస్థ) లేదు, రేడియాలజీలో మంచి అల్ట్రాసౌండ్ మెషీన్ మాత్రం ఉంది. దాంతో గడ్డ ఏది, మంచి మెదడు ఏది అని తేల్చుకోవచ్చా? తేల్చుకోవచ్చు. మెషీన్ ఖరీదు కన్నా మూడు చిన్న పనులే ఫలితాన్ని నిర్ణయిస్తాయి: తల ఎలా పెట్టారు, సెలైన్ ఎలా నింపారు, గడ్డను ముట్టుకోకముందు బొమ్మలు సేవ్ చేశారా లేదా.

రోగుల ఇంటివాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు కాబట్టి ముందు వాళ్లకు ఒక మాట. పెద్దవాళ్ల తలకు బయటి నుంచి అల్ట్రాసౌండ్ పెట్టి గడ్డ లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. పుర్రె ఎముక ధ్వనిని చాలావరకు మింగేస్తుంది, మిగిలినదాన్ని చెదరగొడుతుంది. 1940ల్లో ఆస్ట్రియా డాక్టర్ కార్ల్ డుసిక్ తల గుండా ధ్వని పంపి మెదడు లోపలి గదుల బొమ్మలు తీశానన్నారు. ఆ బొమ్మలు చాలావరకు పుర్రె ఎముక వల్లే ఏర్పడ్డాయని తర్వాత తేలింది. మాడు మూసుకోని పసిపిల్లల్లో, అంటే దాదాపు ఏడాదిన్నర లోపు, మాడు మీది నుంచి చూడొచ్చు. అక్కడ కూడా గడ్డ అనుమానం వస్తే ఎంఆర్‌ఐ తప్పదు. తగ్గని తలనొప్పి, పొద్దున్నే వాంతులు, కొత్తగా ఫిట్స్ ఉంటే నేరుగా సీటీకో ఎంఆర్‌ఐకో వెళ్లండి.

ఇక కింది పద్ధతంతా ఎముక తెరిచాక చేసేది. మొదటి కొన్ని కేసులకు రేడియాలజిస్టును ఓటీలోనే నిలబెట్టుకోండి. ఇద్దరూ ఒకే బొమ్మ చూస్తూ మాట్లాడుకుంటే నెలల్లో వచ్చే అనుభవం వారాల్లో వస్తుంది.

ముందుగా కాగితం పని

1994 నాటి పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ) చట్టం ప్రకారం, గర్భిణులకు వాడినా వాడకపోయినా అల్ట్రాసౌండ్ మెషీన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. రేడియాలజీ గదిలో ఉన్న మెషీన్‌ను వేరే బిల్డింగ్‌లోని ఓటీకి తోసుకుపోయే ముందు, ఆ చోటు కూడా రిజిస్ట్రేషన్ పరిధిలోకి వస్తుందో లేదో జిల్లా వైద్యాధికారి కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. కేసు రోజు పొద్దున గుర్తొచ్చే పని కాదిది.

కావలసినవి

- బి-మోడ్ (మామూలు నలుపు తెలుపు బొమ్మ), పవర్ డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపేది) ఉన్న మెషీన్. బ్యాటరీ లేకపోతే యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయి మెషీన్ మళ్లీ లేచేసరికి మెదడు తెరిచి కాచుకుని కూర్చోవాల్సి వస్తుంది.
- పైపైన, 3–4 సెం.మీ. లోతు లోపల ఉన్న గడ్డకు 7–15 మెగాహెర్ట్జ్ లీనియర్ (చదును ముఖం ఉన్న) ప్రోబ్, అంటే ధ్వని పంపి అందుకునే చేతి పరికరం. అంతకన్నా లోతైతే 5–8 మెగాహెర్ట్జ్ మైక్రో కాన్వెక్స్ లేదా ఫేజ్డ్ అర్రే. ఒక్కటే కొనగలిగితే చిన్న ముఖం ఉన్న మైక్రో కాన్వెక్స్ కొనండి. పొట్ట స్కానింగ్ ప్రోబ్ ఎముక తెరిచిన కిటికీలో పట్టదు. రక్తనాళాలకు వాడే హాకీ స్టిక్ ప్రోబ్ ఉంటే ఖాళీ చేసిన గుంత లోపలికి దించి చూడటానికి బాగా పనికొస్తుంది.
- స్టెరైల్ ప్రోబ్ కవర్లు 2, స్టెరైల్ జెల్ సాచెట్లు 2, స్టెరైల్ రబ్బరు బ్యాండ్లు.
- ఒంటి వేడికి తెచ్చిన నార్మల్ సెలైన్ 1 లీటరు, 50 మి.లీ. సిరంజి, మెత్తటి ఫీడింగ్ ట్యూబ్, స్టెరైల్ స్టీలు గిన్నె.
- ఎంఆర్‌ఐ సీడీ. ఫిల్ములు చాలవు. టీ1 కాంట్రాస్ట్, ఫ్లెయిర్ అనే రెండు రకాల ఎంఆర్‌ఐ బొమ్మలనూ మూడు దిశల్లోనూ తెరిచి పెట్టుకోండి.
- నాబ్‌లు తిప్పడానికి, బొమ్మలు సేవ్ చేయడానికి స్టెరైల్ కాని ఒక మనిషి.
- బయాప్సీ ముక్కలకు 1, 2, 3 అని ముందే నంబర్లు వేసిన చిన్న సీసాలు.

ఓటీకి ముందు: ఇసాబ్‌గోల్ జెల్లీ మీద సాధన

రోగి మెదడు మీద మొదటిసారి ప్రోబ్ పెట్టకండి. కొనే నమూనాల ఖరీదు ఎక్కువ. కిరాణా, బేకరీ సామాన్లతోనే పనికొచ్చే నమూనా చేసుకోవచ్చు.

ముందు ట్యూమర్ ఉండ. 100 మి.లీ. నీళ్లలో 3 గ్రాముల అగర్ పొడి వేసి, పూర్తిగా కరిగేదాకా మరిగించి, 3 గ్రాముల ఇసాబ్‌గోల్ పొడి కలిపి, 2 సెం.మీ. ఉండలుగా గట్టిపడనివ్వండి. ఇసాబ్‌గోల్ పొట్టును మిక్సీలో మెత్తగా పట్టాలి. అలాగే వేస్తే తెరమీద ఇసుక చల్లినట్టు మచ్చలు పడతాయి.

తర్వాత మెదడు. 1 లీటరు నీళ్లను 15 నిమిషాలు మరిగించి చల్లార్చండి. నీళ్లలో కరిగిన గాలి పోవాలి. 80 గ్రాముల జెలటిన్‌ను ఆ నీళ్లలోనే 10 నిమిషాలు నానబెట్టి, సన్నని సెగ మీద కరిగించండి, మరిగించొద్దు. 10 గ్రాముల ఇసాబ్‌గోల్ పొడి కొద్దికొద్దిగా చల్లుతూ, చిక్కబడే దాకా కలుపుతూనే ఉండండి. ముందే ఆపేస్తే పొడి అడుగుకు దిగి, కింద తెల్లగా, పైన నల్లగా కనబడుతుంది. నురుగంతా చెంచాతో తీసేయాలి.

సగం డబ్బాలో పోసి 4 గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. గట్టిపడ్డాక ఉండలు పెట్టి, నీళ్లు నింపి గాలి లేకుండా ముడేసిన గ్లవ్ వేలు ఒకటి పక్కన పెట్టి, మిగతా సగం గోరువెచ్చగా పోయండి. వేడిగా పోస్తే కింది పొర కరిగిపోతుంది. ఆ గ్లవ్ వేలే మీ వెంట్రికిల్ (మెదడు లోపలి నీటి గది). వాపు కూడా కావాలంటే ఒక ఉండను, ఇసాబ్‌గోల్ రెట్టింపు వేసిన జెలటిన్‌లో ముంచి, చల్లార్చి, ఆ తర్వాత పెట్టండి.

మన ఎండాకాలంలో జెలటిన్ నిలవదు. మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే కాసేపట్లోనే జారిపోతుంది. ఆ నెలల్లో జెలటిన్ బదులు మొత్తం 2 శాతం అగర్‌తోనే చేయండి. కాస్త పెళుసుగా ఉంటుంది, కానీ కరగదు. ఏదైనా ఫ్రిజ్‌లో 3–4 రోజులకు మించి ఉంచొద్దు.

ఈ జెల్లీలో ఉండను చెంచాతో తవ్వి, కావాలనే ఒక ముక్క వదిలేసి, గుంతలో నీళ్లు నింపి స్కాన్ చేయండి. గుంత అడుగున లేని గడ్డ ఉన్నట్టు ఎలా మెరుస్తుందో, ఉన్న ముక్క ఎలా కనబడుతుందో ఇక్కడే కంటికి అలవాటు కావాలి.

పద్ధతి

1. తల పెట్టడం. ఎముక తెరిచే కిటికీ వీలైనంత ఆకాశం వైపు చూడాలి. గుంత పక్కకు వాలితే సెలైన్ కారిపోతుంది. సెలైన్ నిలవకపోతే చివరి స్కాన్ లేనట్టే. తలను కదలకుండా పట్టే పిన్నులు బిగించే ముందే ఆలోచించాల్సిన విషయం ఇది, తర్వాత దారి లేదు. కిటికీ కొలత ప్రోబ్ ముఖం కన్నా కనీసం 1 సెం.మీ. ఎక్కువ ఉండాలి, లేకపోతే ప్రోబ్‌ను వాల్చలేరు.

2. కవర్ తొడగడం. కవర్ కొసలో జెల్ వేసి, ప్రోబ్ దించి, బుడగలన్నీ వేలితో పక్కకు నెట్టి, మడతలు లేకుండా రబ్బరు బ్యాండు వేయండి. ఇప్పుడు స్టీలు గిన్నెలో సెలైన్ పోసి ప్రోబ్ కొస ముంచి చూడండి. గిన్నె అడుగు ఒకే గీతలా, తెగకుండా కనబడాలి. గీతలో నల్లటి తెంపు ఉంటే అక్కడ కవర్ లోపల గాలి ఉంది. ఈ అర నిమిషం పరీక్షను ఏ కేసులోనూ వదలొద్దు. మెదడుకూ ప్రోబ్‌కూ మధ్య సెలైనే వాడాలి. జెల్ కవర్ లోపలికి మాత్రమే, డ్యూరా (మెదడు మీది గట్టి పొర) దాటి లోపలికి పోకూడదు.

3. సెట్టింగ్స్. న్యూరో ప్రీసెట్ లేకపోతే స్మాల్ పార్ట్స్ తీసుకోండి. లోతు మొదట 8 సెం.మీ. లేదా ఫాల్క్స్ (మెదడు రెండు సగాల మధ్య పొర) కనబడేంత పెట్టి, దిక్కు తెలిశాక గడ్డ అడుగుకు 1–2 సెం.మీ. కింద దాకా తగ్గించండి. ఫోకస్ గడ్డ అవతలి అంచు దగ్గర. డైనమిక్ రేంజ్ 60–70 డెసిబెల్. గెయిన్ (బొమ్మ వెలుగును పెంచే, తగ్గించే నాబ్) సరిచేయడానికి గడ్డను చూడకండి, వెంట్రికిల్‌ను చూడండి. అందులోని నీరు పూర్తిగా నల్లగా రావాలి. అది బూడిద రంగుకు తిరిగితే గెయిన్ ఎక్కువైనట్టు. అప్పుడు మంచి మెదడు కూడా ట్యూమర్‌లాగే మెరుస్తుంది.

4. డ్యూరా మూసి ఉండగానే మొదటి స్కాన్. ఎముక పొడి, బోన్ వ్యాక్స్ కడిగేసి సెలైన్ పోయండి. ప్రోబ్ ఒక కొసను వేలితో తట్టి, తెరమీద ఏ వైపు కదిలిందో చూసి దిక్కు ఖాయం చేసుకోండి. తర్వాత తెలిసిన గుర్తులు వెతకండి: తెల్లటి గీతలా ఫాల్క్స్, టెంటోరియం (పెద్ద మెదడుకూ చిన్న మెదడుకూ మధ్య పొర), నల్లటి వెంట్రికిల్, అందులో తెల్లగా కోరాయిడ్ ప్లెక్సస్ (మెదడు నీరు తయారుచేసే కణజాలం), సన్నని తెల్లటి గీతల్లా సల్కస్‌లు (మెదడు మడతల మధ్య గాళ్లు). ఇవి దొరక్కుండా గడ్డ వెతకొద్దు. గడ్డను మూడు దిశల్లో కొలిచి ఎంఆర్‌ఐ కొలతతో పోల్చండి. 5 మి.మీ. కన్నా ఎక్కువ తేడా వస్తే మీరు ఏటవాలుగా కోసినట్టున్న బొమ్మ చూస్తున్నారు, లేదా వాపును కూడా కలిపి కొలిచారు.

5. డ్యూరా మీద హద్దు గీయడం. సన్నని డిసెక్టర్ (కణజాలాన్ని విడదీసే మొద్దు కొస పరికరం) కొసను ప్రోబ్‌కూ డ్యూరాకూ మధ్య జారవిడవండి. తెరమీద దాని నీడ నిలువుగా, చీకటి పట్టీలా కిందికి దిగుతుంది. ఆ నీడ గడ్డ అంచును తాకేదాకా డిసెక్టర్‌ను జరిపి, అక్కడ స్టెరైల్ మార్కర్‌తో చుక్క పెట్టండి. నాలుగు వైపులా అలా నాలుగు చుక్కలు. డ్యూరా ఎంత మేర తెరవాలో అవే చెబుతాయి.

6. ఏది ఏమిటో చదవడం. బయటి బూడిద పొర నల్లగా, లోపలి తెల్ల పదార్థం కాస్త వెలుగ్గా ఉండటం మంచి మెదడు లక్షణం. మెనింజియోమా (మెదడు పొరల నుంచి పుట్టే గడ్డ) సాధారణంగా ఒకే రకంగా తెల్లగా, స్పష్టమైన అంచుతో ఉంటుంది. కాల్షియం ఉంటే వెనక నీడ పడుతుంది. మెటాస్టాసిస్ (వేరే చోటి క్యాన్సర్ నుంచి పాకిన గడ్డ) కూడా తెల్లగా, అంచు తేటగా, నడుమ కుళ్లితే నల్లటి గుంటతో ఉంటుంది. హై గ్రేడ్ (త్వరగా పెరిగే) గ్లయోమా, అంటే మెదడు కణజాలం నుంచే పుట్టే గడ్డ, గరుకుగా, తెల్లటి, నల్లటి భాగాలు కలగలిసి కనబడుతుంది. లో గ్రేడ్ (నిదానంగా పెరిగే) గ్లయోమా కొద్దిపాటి తెలుపుతో, అంచు ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టు ఉంటుంది. హీమాంజియోబ్లాస్టోమాలో (రక్తనాళాలతో నిండిన గడ్డ) నల్లటి సిస్టు (నీటి సంచి) గోడకు తెల్లటి బుడిపె అతుక్కుని ఉంటుంది. మన దగ్గర టీబీ గడ్డను మరవకూడదు. అదీ తెల్లగానే ఉంటుంది, బొమ్మ చూసి ట్యూమర్ నుంచి విడదీయలేరు. గ్రేడు గానీ, క్యాన్సరా కాదా అన్నది గానీ అల్ట్రాసౌండ్ చెప్పదు. ఆ మాట పెథాలజిస్టుదే.

   అసలు చిక్కు వాపుతో వస్తుంది. వాచిన మెదడు మంచి మెదడు కన్నా తెల్లగా, ట్యూమర్ కన్నా కాస్త మసకగా ఉంటుంది. మూడు ఆనవాళ్లు చూడండి. సల్కస్ గీతలు ఆ తెలుపులోంచి తెగకుండా సాగిపోతే అది వాపు. గడ్డ అయితే వాటిని పక్కకు నెట్టేస్తుంది లేదా చెరిపేస్తుంది. పవర్ డాప్లర్‌లో వేగం స్కేలు తగ్గించి చూస్తే వాపులో నాళాలు తమ దారిన తాము పోతుంటాయి, గడ్డలో వంకర్లు తిరిగి చిక్కుపడి కనబడతాయి. మూడోది, ప్రోబ్‌తో పూవు తాకినంత మెల్లగా ఒత్తితే మెనింజియోమా లాంటి గట్టి గడ్డ చుట్టుపక్కల మెదడుతో కలవకుండా ఒక్కముక్కగా జరుగుతుంది. ఒక్క ఆనవాలు చూసి తీర్పు చెప్పకండి. ముందే రేడియేషన్ తీసుకున్న రోగిలో ఈ ఆనవాళ్లు కూడా మోసం చేస్తాయి. అక్కడ మచ్చకట్టిన కణజాలం ట్యూమర్‌లాగే మెరుస్తుంది.

7. ముట్టుకోకముందు బొమ్మలు సేవ్. డ్యూరా తెరిచాక, ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు దిశల్లో, ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా వీడియో తీసి సేవ్ చేయండి. చివర్లో వచ్చే ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ బొమ్మల్లోనే ఉంటుంది. ఇవి లేకుండా చివరి స్కాన్‌ను దేనితో పోలుస్తారు?

8. తీస్తున్నప్పుడు. మూడో వంతు తీశాక ఒకసారి, మూడింట రెండు వంతులు తీశాక మరోసారి చూడండి. అంతా అయ్యాకే చూద్దామని ఆగొద్దు. గుంత పెద్దదయ్యేకొద్దీ దొంగ తెలుపు, అంటే గడ్డ లేకపోయినా తెరమీద కనబడే మెరుపు, పెరుగుతుంది. న్యావిగేషన్ ఉన్నవాళ్లు కూడా ఈ దశలో అల్ట్రాసౌండ్‌నే నమ్మాలి. నీరు, గడ్డ బయటికి పోయాక మెదడు జరుగుతుంది, నిన్నటి ఎంఆర్‌ఐకి ఆ సంగతి తెలియదు.

9. ఏమైనా మిగిలిందా? ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

   మొదట గుంతలోని కాటన్ ప్యాటీలు, రక్తం ఆపడానికి పెట్టిన సర్జిసెల్, జెల్‌ఫోమ్ అన్నీ తీసేయండి, లెక్కపెట్టుకుని మరీ. ఇవన్నీ తెల్లగా మెరిసి, వెనక నీడ వేస్తాయి. రక్తం కారడం ఆగాక, గడ్డకట్టిన రక్తాన్ని కడిగేయండి. తాజా రక్తపు గడ్డ అచ్చం ట్యూమర్‌లా తెల్లగా ఉంటుంది.

   సెలైన్ సిరంజితో పైనుంచి కొట్టొద్దు. ఫీడింగ్ ట్యూబ్ కొసను గుంత అడుగున ఆనించి, నిదానంగా అడుగు నుంచి పైకి నింపండి. బుడగలు తేలేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగి, పైన తేలిన నురుగు సక్షన్‌తో తీయండి. ఒక్క బుడగ గోడకు అంటుకున్నా దాని కింద తెల్లటి మెట్లు మెట్లుగా గీతలు వస్తాయి.

   ఇప్పుడు అడుగున కనబడే తెలుపు సంగతి. ధ్వని లోతుకు పోయేకొద్దీ బలహీనపడుతుందని లెక్కేసి, మెషీన్ లోతు నుంచి వచ్చే సంకేతాన్ని పెంచి చూపిస్తుంది. సెలైన్‌లో ధ్వని దాదాపు బలహీనపడదు. అయినా మెషీన్ పెంచేస్తుంది. అందుకే గుంత అడుగు, కింద ఏమీ లేకపోయినా, ఎక్కువ తెల్లగా మెరుస్తుంది. గుంత లోతు పెరిగితే మెరుపూ పెరుగుతుంది. దాన్ని ట్యూమర్ అనుకుని తవ్వితే పోయేది మంచి మెదడు, దాంతోపాటు రోగి మాటో చేతి బలమో.

   తేల్చుకోవడం ఇలా:
   - ప్రోబ్‌ను వేరే కోణానికి వాల్చండి, లేదా గుంత పక్కనున్న మెదడు మీది నుంచి అదే చోటు చూడండి. దొంగ తెలుపు ప్రోబ్‌తోపాటు జరుగుతుంది లేదా మాయమవుతుంది. ట్యూమర్ ఉన్నచోటే ఉంటుంది.
   - చిన్న ప్రోబ్ ఉంటే గుంతలోకి దించండి. సెలైన్ లోతు తగ్గితే దొంగ మెరుపు తగ్గుతుంది.
   - తెల్లటి అంచు పలుచగా, 2–3 మి.మీ. లోపల, చుట్టూ ఒకే మందంతో ఉంటే అది చాలావరకు మీ సక్షన్, బైపోలార్ (కరెంటుతో రక్తం ఆపే పరికరం) తగిలిన గుర్తు. ఒకచోట మందంగా, బుడిపెలా, గరుకుగా ఉంటే అనుమానించండి.
   - ఏడో మెట్టులో సేవ్ చేసిన వీడియోతో పోల్చండి. అనుమానం ఉన్నచోట మొదట్లో గడ్డ ఉందా? లేకపోతే ఇప్పుడు కొత్తగా రాదు.
   - పక్క గోడలను మరవకండి. ధ్వని గోడకు సమాంతరంగా పోతే ఆ గోడ సరిగ్గా కనబడదు. అడుగున లేనిది కనబడినట్టే, పక్కన ఉన్నది కనబడకుండా పోతుంది. నాలుగు గోడలకూ ప్రోబ్ వాల్చి చూడాలి.

   ఇంకా తేలకపోతే, డిసెక్టర్ కొసను ఆ చోట ఆనించి, కొస తెరమీద కనబడుతుండగా చిన్న ముక్క తీసి నంబరు సీసాలో వేసి స్క్వాష్ లేదా ఫ్రోజెన్‌కు (ఆపరేషన్ మధ్యలోనే చేసే పెథాలజీ పరీక్షలు) పంపండి. మాట, చేయి, చూపు నడిపే భాగాల పక్కనైతే, తెల్లగా ఉంది కదా అని ఇంకాస్త తీయడం కన్నా ఆగడమే మేలు.

10. రుజువు చూసుకోవడం. ఆపరేషన్ తర్వాత 72 గంటల లోపు కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ తీయించండి. అది దాటితే ఆపరేషన్ గాయం కూడా కాంట్రాస్ట్ పట్టుకుని, మిగిలిన గడ్డతో కలిసిపోతుంది.

ఇతర దారులు

మీ మెషీన్‌లో ఎలాస్టోగ్రఫీ ఉంటే గట్టిదనం తేడా చూడటానికి వాడొచ్చు. గుండె కొట్టుకున్నప్పుడల్లా మెదడులో వచ్చే కదలికే చాలు, ప్రోబ్‌తో నొక్కక్కర్లేదు. అయితే బి-మోడ్ చదవడం వచ్చాకే దాని జోలికి వెళ్లండి. కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్‌లో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ బుడగలను నరంలోకి ఎక్కిస్తారు. ఇటలీలో మిలాన్ బృందం దీని మీద చాలా పని చేసింది. మెదడు గడ్డలకు ఇది మందు లేబుల్‌లో లేని వాడకం కాబట్టి ఎథిక్స్ అనుమతి, అనస్థటిస్ట్ ఒప్పుకోలు లేకుండా వద్దు. మన దేశంలో న్యావిగేషన్‌తో కలిపిన 3డీ అల్ట్రాసౌండ్ పని దగ్గరుండి చూడాలనుకుంటే ముంబై టాటా మెమోరియల్ సెంటర్‌లో అడగండి.

కేసు అయ్యాక

కవర్ తీసి ప్రోబ్‌ను దీపం వెలుగులో చూడండి. కవర్ చిరిగి రక్తం లోపలికి వచ్చి ఉంటే తుడిచి ఊరుకోవడం కుదరదు. మాన్యువల్‌లో ఏ ద్రావణం, ఎన్ని నిమిషాలు అని ఉందో అదే చేయాలి. ఆటోక్లేవ్‌లో పెడితే ప్రోబ్ పాడైపోతుంది. మాన్యువల్ ఒప్పుకోకుండా స్పిరిట్‌తో తుడిచినా ముందున్న రబ్బరు పొర పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లే తెరమీద నిలువు చారలవుతాయి.

ఒక నోటుబుక్కు పెట్టండి. పేరు వద్దు, కేసు నంబరు చాలు. అల్ట్రాసౌండ్‌లో మిగిలిందనుకున్నామా లేదా, బయాప్సీ ఏమంది, ఎంఆర్‌ఐ ఏమంది అని మూడు గడులు. ఎంఆర్‌ఐలో ముక్క మిగిలినట్టు కనబడితే ఆ రోజు వీడియో తెరిచి అదే చోటు వెతకండి. ఆ చోటు తెరమీదకే రాలేదా, వచ్చినా మసకగా ఉందా, తేటగా కనబడినా గాయపు అంచు అనుకుని వదిలేశామా? రాకపోతే ప్రోబ్ వాల్చడంలో లోపం, మసకగా ఉంటే సెట్టింగ్స్‌లో, వదిలేస్తే చదవడంలో. ఏదో ఆ గడిలో రాసి, తర్వాతి కేసుకు కవర్ తొడిగే ముందు ఒకసారి చదువుకోండి.